మడికొండ నుంచి ముల్కనూరు దాకా: సాంకేతిక కొలువుల్లో ఉద్యోగుల క్షేమం ఎవరి చేతిలో ఉంది?

హనుమకొండకు సాఫ్ట్‌వేర్ కొలువులు ఆలస్యంగా వచ్చాయి గాని, ఇంజనీర్లు ముందునుంచే ఉన్నారు. ఇక్కడ 1959లో మొదలైన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ 2002లో ఎన్‌ఐటీగా మారింది. కాకతీయ విశ్వవిద్యాలయానికి 1976 నుంచి చరిత్ర ఉంది. చదువు ఇక్కడ, కొలువు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో అన్నది రెండు మూడు తరాలకు అలవాటైన వరుస. 2020 జనవరి 7న మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు ప్రారంభమైనప్పుడు ఆ వరుస కొంత మారింది. కొద్ది వారాలకే కోవిడ్ వచ్చి, హైదరాబాద్ హాస్టళ్లలో ఉన్నవాళ్లనూ ల్యాప్‌టాప్‌లతో సహా ఇళ్లకు చేర్చింది. ఇంటి దగ్గరే ఉండి సాంకేతిక కొలువు చేయవచ్చని ఊరు రెండు విధాలా చూసింది.

ఇంటి దగ్గరి కొలువు వల్ల ఉద్యోగికి మిగిలేది చిన్న మొత్తం కాదు. గది కిరాయి లేదు, మెస్సు బిల్లు లేదు, వారం వారం కాజీపేటకు రైలు చార్జీ లేదు. అయితే ఈ మిగులు కంపెనీ ఇచ్చింది కాదు, ఇల్లు ఇచ్చింది. సుబేదారిలోనో నయీంనగర్‌లోనో తల్లిదండ్రులు కట్టుకున్న ఇల్లు ఆ ఉద్యోగి జీతానికి కనిపించని భత్యంలా పనిచేస్తోంది. మరి కంపెనీ వైపు నుంచి క్షేమం పేరిట అందుతున్నది ఏమిటి? అది ఎంతకాలం నిలుస్తుంది? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే. క్షేమం యజమాని కల్పించే వసతిగా ఉన్నంతకాలం కొలువుతో పాటే పోతుందనీ, ఉద్యోగులు స్వయంగా నడుపుకునే సంస్థగా మారినచోట డబ్బూ మనుషుల తోడూ ఒకేచోట దొరుకుతాయనీ దీని వాదన.

జీతం పట్టీలోని మెలికలు

కింది మెట్టు ఉద్యోగి నుంచి మొదలుపెడదాం. 2017 జనవరి నుంచి ఈఎస్‌ఐ వర్తించే జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. 2019 జులై నుంచి ఉద్యోగి చందా 0.75 శాతం, యజమాని చందా 3.25 శాతం. నెలకు 20,800 వచ్చే ఉద్యోగి 156 రూపాయలు కట్టి, తనపై ఆధారపడ్డ తల్లిదండ్రులతో సహా కుటుంబానికి వైద్యం పొందగలడు. జీతం వెయ్యి రూపాయలు పెరిగితే, నడుస్తున్న చందా కాలం, అంటే సెప్టెంబరు లేదా మార్చి, ముగిశాక ఆ పథకం నుంచి బయటికి వస్తాడు. తర్వాత దిక్కు కంపెనీ గ్రూపు బీమా. అందులో సాధారణంగా భార్య లేదా భర్త, పిల్లలు ఉంటారు. తల్లిదండ్రులను చేర్చాలంటే చాలాచోట్ల విడిగా ప్రీమియం కట్టాలి. హనుమకొండలో ఈ ఉద్యోగి ఉంటున్నది ఎవరితో? ఆ తల్లిదండ్రులతోనే. జీతం పెరిగిన నెలలో స్వీట్లు పంచుకునేవాళ్లలో ఎందరికి ఈ లెక్క తెలుసో!

గ్రాట్యుటీది మరో మెలిక. 1972 చట్టం ప్రకారం అయిదేళ్లు పనిచేసినవారికే ఆ హక్కు వచ్చేది. కాని చాలా ఆఫర్ లెటర్లు గ్రాట్యుటీని కూడా కలిపి వార్షిక ప్యాకేజీ చూపిస్తాయి. మూడేళ్లకు కంపెనీ మారే కుర్రవాడికి ప్యాకేజీలో కనబడిన ఆ సొమ్ము చేతికి రాదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ ఇచ్చింది. రెగ్యులర్ ఉద్యోగికి మాత్రం అయిదేళ్ల నిబంధనే మిగిలింది. భవిష్యనిధిలోనూ అంతే: చట్టం తప్పనిసరి చేసిన జీతం పరిమితి 2014 నుంచి 15,000 రూపాయలే. యజమాని వాటాను దానికే పరిమితం చేస్తే నెలకు 1,800 జమ అవుతుంది, అందులో 1,250 పింఛను నిధికి పోతుంది. ముప్పై ఏళ్ల తర్వాతి జీవితానికి ఇది ఏపాటి?

యాప్‌కు చెప్పని అప్పు

ఈ ఖాళీలను నింపడానికి సంస్థలు ఎంచుకుంటున్న దారి యాప్. బడ్జెట్ వేసే యాప్, మనసు బాగాలేకపోతే మాట్లాడే యాప్, నెల నిండకముందే జీతంలో కొంత ఇచ్చే యాప్. ఇవి పనికిరావని అనను. అయితే వీటిలో ఉద్యోగి ఎప్పుడూ ఒంటరే. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాల కోసం యజమాని సమాచారాన్ని విడిగా సమ్మతి తీసుకోకుండానే వాడుకోవడానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. తన హాజరును, కీబోర్డు కదలికను కొలిచే వ్యవస్థకే తన అప్పుల గురించి ఎవరు చెప్పుకుంటారు? చెప్పుకోలేని అప్పు ఎక్కడికి పోతుందో 2020 డిసెంబరులో తెలంగాణ చూసింది. లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా ఉన్నాడు. ఫోన్‌లోని కాంటాక్టులను అప్పు యాప్‌లు తడమకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన పెట్టింది. నిబంధన మంచిదే. అయితే అత్యవసరంగా ఇరవై వేలు కావలసినవాడికి అది అప్పు పుట్టించదు.

ఆ ఇరవై వేలకు వరంగల్ ప్రాంతం ఏనాడో కనిపెట్టుకున్న ఉపాయం చిట్టీ. ఇక్కడ చిట్‌ఫండ్ బోర్డు లేని వీధి వెతకాలి, చిట్టీ మునిగిన కథ లేని వీధి కూడా. 1982 చిట్‌ఫండ్ చట్టానికి 2019లో చేసిన సవరణ నిర్వాహకుడి కమీషన్‌ను 5 శాతం నుంచి 7 శాతానికి పెంచింది. ఆఫీసుల్లో తోటివాళ్లు పేర్లు రాసుకుని వేసుకునే చిట్టీలకు ఏ చట్టమూ కాపలా లేదు, నమ్మకమే కాపలా. సాంకేతిక కొలువులోకి వచ్చినా జనం చిట్టీని వదలలేదంటే వాళ్లు వెతుకుతున్నది వడ్డీ ఒక్కటే కాదు, ముఖం తెలిసిన మనిషి పూచీ కూడా.

డబ్బు సంగతి ఇది. సామాజిక క్షేమంలోనైతే సమయం అసలు సమస్య. అమెరికా పగలు మనకు రాత్రి. బతుకమ్మ సాయంత్రం పద్మాక్షి గుండం దగ్గర ఊరంతా చేరే వేళకు షిఫ్టు క్యాబ్ ఎక్కే అమ్మాయికి, ఆఫీసు లాబీలో మధ్యాహ్నం పెట్టిన గంట బతుకమ్మ సరిపోతుందని మానవ వనరుల విభాగం అనుకోవచ్చు. ఆమె అనుకోదు. 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం వారానికి 48 గంటలు మించకుండా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. రోజుకు పది గంటలు చేస్తే వారంలో అదనంగా దొరికే సెలవు రోజు ఎవరి పండగకు పనికొస్తుందో ఉత్తర్వు చెప్పదు.

మిల్లు చెప్పే చరిత్ర

యజమాని చేతి క్షేమానికి ఈ ఊళ్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1934లో నిజాం పాలనలో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వచ్చింది. వేల కుటుంబాలు దాని చుట్టూ బతికాయి. క్వార్టర్లూ, యూనియనూ, పక్కింటివాళ్లూ అన్నీ మిల్లువే. తర్వాత అది జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. ఖాయిలా పడి, స్వచ్ఛంద పదవీ విరమణలతో 2002లో మూతపడింది. భూములు ప్లాట్లయ్యాయి. ఇంటి జాగాల కోసం కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు. మిల్లు ఇచ్చినవి నిజమైనవే. నేటి యాప్‌లకంటే చాలా గట్టివి కూడా. కాని ఏదీ కార్మికుడి పేరు మీద లేదు.

ముల్కనూరు దారి

ఇప్పుడు హనుమకొండ జిల్లాలోని భీమదేవరపల్లి మండలానికి వెళ్దాం. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి పూనికతో ముల్కనూరులో పుట్టిన సహకార గ్రామీణ బ్యాంకు రైతులకు అప్పు, ఎరువు, ధాన్యం అమ్మకం ఒకేచోట అందించింది. దాని పక్కనే మహిళల స్వకృషి డెయిరీ ఎదిగింది. 1990ల నుంచి సహవికాస అనే సంస్థ తోడ్పాటుతో వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు లేచాయి. నెలనెలా తప్పనిసరి పొదుపు, తోటి సభ్యుల జామీనుపై అప్పు, సభ్యురాలు చనిపోతే ఆ అప్పు కుటుంబం మీద పడకుండా అభయనిధి. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (1995) సర్కారు వాటా, పెత్తనం లేకుండా ఇలా నడుపుకోవడానికి దారి వేసింది. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు నడిపిన ఈ లెక్కల ముందు, డేటా నిపుణులతో నిండిన మడికొండ చిన్నబోవాలి.

సహకారం అన్న మాటే మంత్రం కాదు. ఆర్టీసీ కార్మికుల పరపతి సహకార సంఘం 1952 నాటిది, ఎన్నో పెళ్లిళ్లకూ ఇళ్లకూ అప్పిచ్చింది. జీతాల నుంచి కోసిన సొమ్మును యాజమాన్యం సంఘానికి జమ చేయకుండా వాడుకోవడంతో బకాయిలు పేరుకుని వివాదం హైకోర్టుకు చేరింది. అంటే సంఘం కార్మికులదే అయినా, సొమ్ము యజమాని గల్లాపెట్టె గుండా వెళ్లినంతకాలం ప్రమాదం ఉంది. ఈ విషయంలో సాంకేతికత నిజంగా ఉపయోగపడుతుంది: జీతం పడిన క్షణమే ఉద్యోగి ఖాతా నుంచి సంఘం ఖాతాకు పొదుపు వెళ్లేలా బ్యాంకుకు ఆదేశం ఇవ్వవచ్చు. జీతంలోనే కోత కావాలనుకుంటే 1936 వేతన చెల్లింపు చట్టం లాగే 2019 వేతన కోడ్ కూడా సహకార సంఘాలకు ఆ వీలు ఉంచింది.

మిగిలిన చిక్కు ఉద్యోగుల కదలిక. రెండేళ్లకోసారి కంపెనీ మారేవాళ్లతో కంపెనీ సంఘం నిలవదు. అందుకే సభ్యత్వాన్ని కంపెనీకి కాక మడికొండ పార్కుకు ముడిపెట్టడం మేలు. అప్పుడు సైయెంట్ నుంచి పక్క భవనానికి మారిన ఇంజనీరు సభ్యుడిగానే ఉంటాడు. కాంట్రాక్టు మీద ఉన్న హౌస్‌కీపింగ్ మహిళ, సెక్యూరిటీ గార్డు, రాత్రి క్యాబ్ డ్రైవరు కూడా అదే సంఘంలో చేరవచ్చు. ఈఎస్‌ఐ పరిమితి దాటినవాళ్ల తల్లిదండ్రులకు ఉమ్మడి బీమా బేరమాడటం ఆ సంఘం చేపట్టదగిన మొదటి పని. షిఫ్టుల మధ్య సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెట్టాలన్నది అంతకంటే కష్టమైన పని. దానికి కంపెనీల నుంచి డబ్బు అక్కర్లేదు, నెలకు ఒక పూట వదిలితే చాలు.