కోరంగి: ఊరూ, పేరూ

కోరంగి అనగానే మా అమీర్‌పేట మిత్రులకు మడ అడవి, పడవ షికారు గుర్తొస్తాయి. నాకు ఓడలు గుర్తొస్తాయి. కాకినాడకు దక్షిణాన, గౌతమీ గోదావరి కడలిలో కలిసే చోటికి చేరువలోని ఈ పల్లె ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 డిసెంబరులో మూడు ఉప్పెన కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన. ‘సైక్లోన్‌’ అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెన గురించి రాశాడు. మిగిలిన రేవును ఒండ్రు పూడ్చేసింది. వ్యాపారం కాకినాడకు తరలింది.

పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాడు ఏ ఊరివాడైనా ‘కోరంగీ’యే, పిలుపులో చులకన కూడా ఉండేది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మీయులను పనిలో పెట్టుకున్నారు, రాజీ కుదరగానే వారిని తీసేశారు. ఆ కోపం కోరంగీల మీదికి మళ్ళి ఎందరి ప్రాణాలో తీసింది. వారిలో కోరంగిని కళ్ళారా చూసినవారు ఎందరో!