లేచి నిలబడితే గుండెదడ



"పడుకుంటే బాగానే ఉంటుందక్కా. లేచి నిలబడితేనే గుండె దడదడలాడుతుంది, కళ్ళు తిరుగుతాయి" అని 2021లో కోవిడ్ తగ్గిన రెండు నెలలకి మా తోడికోడలు నాతో అంది. జ్వరం లేదు, దగ్గు లేదు. ఈసీజీ తీయిస్తే బాగానే ఉందన్నారు. "ఊరికే ఆలోచించకు, పనిలో పడితే అదే పోతుంది" అని సలహా చెప్పింది ఎవరో కాదు, నేనే. ఒకనాడు పోపు వేస్తూ వేస్తూ ఆమె వంటగట్టు పట్టుకుని కిందకి జారిపోయింది. అప్పుడు గానీ నా నోరు మూతపడలేదు. ఆ తరువాతనే ఈ జబ్బు సంగతి నాలుగు చోట్ల చదివి తెలుసుకున్నాను. దీనికి నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉందండీ!

1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. శిబిరాల్లో జ్వరాలూ విరేచనాలూ పట్టుకుని, కోలుకుని మళ్ళీ కొలువుకి వెళ్ళిన సైనికులు కొందరు నాలుగడుగులు వేసేసరికి గుండెదడ, ఆయాసం, కళ్ళు తిరగడంతో కూలబడిపోయేవారు. ఫిలడెల్ఫియా నగరంలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో జేకబ్ డకోస్టా అనే డాక్టరు ఇలాంటివారిని వందలమందిని పరీక్షించాడు. గుండెలో చూడబోతే లోపమేమీ కనబడదు. అయినా ఆయన వాళ్ళని సోమరులని తోసెయ్యలేదు. ఓపికగా నాడి లెక్కపెట్టాడు. పడుకున్నప్పటికీ లేచినప్పటికీ నాడిలో ఎంతో తేడా వస్తోందని గమనించాడు. ఆ వివరాలన్నీ 1871లో అచ్చువేశాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే బాధ వేలమంది సైనికుల్లో మళ్ళీ కనిపించింది. లండన్‌లో థామస్ లూయిస్ అనే డాక్టరు దీనికి 'సైనికుని గుండె' అనీ, 'శ్రమ రుగ్మత' అనీ పేర్లు వాడుతూ 1918లో ఒక పుస్తకమే రాశాడు. కాని 1941లో పాల్ వుడ్ అనే మరో పెద్ద గుండె డాక్టరు, దీనికి మూలం గుండెలో లేదు, మనసులోని భయంలో ఉందన్నాడు. సైనికుడికే ఆ మాట తప్పనప్పుడు, వంటింట్లో కళ్ళు తిరిగిన ఇల్లాలి గతి ఏమిటో మీరే ఊహించుకోండి!

అసలు సంగతి ఇది. మనం లేచి నిలబడగానే అర లీటరుకి పైగా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగుతుంది. మన ప్రమేయం లేకుండా పనిచేసే స్వయంచోదిత నాడీవ్యవస్థ వెంటనే రక్తనాళాలను బిగించి, తలకి రక్తం అందేట్లు చూస్తుంది. ఆ ఏర్పాటు దెబ్బతింటే గుండె పరుగులు తీసి ఆ లోటు పూడ్చాలని చూస్తుంది. 1993లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు షోండార్ఫ్, లో అనే ఇద్దరు దీన్ని స్పష్టంగా వర్ణించారు. ఇప్పుడు దీన్ని పొట్టిగా 'పాట్స్' అంటున్నారు. నిలబడిన పది నిమిషాల్లోపల, రక్తపోటు పడిపోకుండానే, నాడి నిమిషానికి 30 సార్లో అంతకంటే ఎక్కువో పెరగడం పెద్దవాళ్ళలో దీని గుర్తు. పిల్లల్లో, కౌమారంలో ఉన్నవాళ్ళలో అయితే 40. ఇది ఆడవాళ్ళలోనే ఎక్కువ. చాలామందికి ఏదో ఒక అంటుజ్వరం తరువాత మొదలవుతుంది. 2020లో కోవిడ్ వచ్చి, తగ్గినట్టే తగ్గి, నెలలు గడిచినా కోలుకోని రోగులే తమ బాధకి 'లాంగ్ కోవిడ్' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళలో కొందరికి ఉన్నది ఇదే.

మరి మనమేం చెయ్యాలంటారా? ఇంట్లో ఎవరైనా ఈ మాట అంటే, పది నిమిషాలు పడుకోబెట్టి నాడి లెక్కపెట్టండి. తరువాత నిలబెట్టి, పక్కనే ఉండి, పది నిమిషాల్లోపల రెండు మూడుసార్లు లెక్కపెట్టండి. తూలితే వెంటనే పడుకోబెట్టండి. ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా గుండెదడ వస్తుంది కాబట్టి, మనంతట మనమే జబ్బు నిర్ణయించుకోకూడదు. నీళ్ళు, ఉప్పు పెంచమనీ, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడుక్కోమనీ డాక్టర్లు కొందరికి చెబుతారు. రక్తపోటు ఉన్నవాళ్ళు మాత్రం అడగకుండా ఉప్పు జోలికి పోవద్దు. బలవంతాన వ్యాయామం చేయిస్తే కొందరికి బాధ ముదురుతుంది కూడాను.

మన అమ్మమ్మలు పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునే వండారు. గట్టు వచ్చాక మనం నిలబడ్డాం. మా వంటింట్లో ఇప్పుడు గట్టు పక్కన ఎత్తు స్టూలు ఒకటి ఉంది. మా తోడికోడలు దాని మీద కూర్చుని పోపు వేస్తుంది. కూర తరిగివ్వడం నా పని. ఆనాడు నేనిచ్చిన సలహా గురించి ఆమె ఇంతవరకూ ఒక్క మాటైనా ఎత్తలేదు.