బిందెలోని నీళ్ళ వయసు

వేసవిలో కంగ్టిలాంటి ఊళ్ళో బిందె నీళ్ళు ఒలికితే పిల్లల్ని కసురుకుంటాం. ఆ నీళ్ళ వయసెంతో ఎప్పుడైనా ఆలోచించామా?

1931లో అమెరికాలో హెరాల్డ్ యూరీ రెట్టింపు బరువున్న హైడ్రోజన్‌ను కనిపెట్టారు. పేరు డ్యుటీరియం. మన మణుగూరులో తీసే భారజలంలో ఉండేది అదే. చుక్కల నడుమ వాయువులో లక్ష హైడ్రోజన్ పరమాణువులకు ఇది సుమారు 2. సముద్రపు నీళ్ళలోనో, 15! ఎందుకింత ఎక్కువ?

కారణం చలి. నక్షత్రాలు పుట్టబోయే మేఘాల్లో సున్నాకు 260 డిగ్రీలు దిగువన ఉంటుంది. అక్కడ అణువుల్లో తేలిక హైడ్రోజన్ పోయి బరువుది చేరుతుంది. మళ్ళీ బయటపడేందుకు కావలసిన వేడి ఉండదు. 1973లో మృగశిరకు దిగువనున్న ఓరియన్ మేఘంలో అలాంటి అణువును రేడియో దూరదర్శినితో గుర్తించారు.

2014లో ఇల్సడోర్ క్లీవ్స్ అనే పరిశోధకురాలు సహచరులతో కలిసి లెక్కకట్టారు. సూర్యుడు పుట్టాక ఇంత బరువు నీరు తయారుకావడం కుదరదట. భూమ్మీది నీళ్ళలో సగం దాకా సూర్యుడికంటే పాతవే కావచ్చునట!

బిందె ఒలికితే కసరడానికి మనకింకో కారణం దొరికిందన్నమాట.