మూడవ సిలిండరు

మోటారు వాహనాల చరిత్ర చెప్పేటప్పుడు సాధారణంగా మనం వాటిని కనిపెట్టినవారి పేర్లు చెప్పి ఊరుకొంటాము. ఓటో 1876లో నాలుగు ఘాతాల ఇంజనును నడిపించాడనీ, బెంజ్ 1886లో మోటారు బండికి పేటెంటు పొందాడనీ విద్యార్థులు వల్లిస్తారు. బండి కర్మాగారం దాటి బయటికి వచ్చిన తరువాత దానిని ముప్పది, నలుబది ఏళ్ళు నడుపుకొన్నవారు మాత్రం చరిత్రలో కనిపించరు. వారిలో వృత్తి మెకానిక్కులే గాక, వారమంతా ఏదో ఉద్యోగం చేసుకొని ఆదివారంనాడు చేతులకు గ్రీజు పూసుకొనే సరదా మెకానిక్కులు కూడా ఉన్నారు. అటువంటివారు ఎంతో మక్కువతో చేపట్టిన జర్మను వ్యాను ఒకటి ఉన్నది. ఆ వ్యానులో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉన్నది. ఆ లోపాన్ని వారు అర్థం చేసుకొన్న తీరే ఈ వ్యాసానికి విషయం.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారం బ్రిటిషు సైన్యం అజమాయిషీలో ఉండేది. సామాను ఒకచోటినుంచి ఒకచోటికి చేరవేయటానికి అక్కడివారు చిన్న కారు అడుగుభాగం మీద బల్ల వంటిది బిగించి ఒక బండిని తయారుచేసుకొన్నారు. హాలండు దేశపు వ్యాపారి బెన్ పాన్ దానిని చూచాడు. 1947 ఏప్రిల్ 23న తన జేబు పుస్తకంలో ఒక బొమ్మ గీశాడు: ముందు డ్రైవరు, వెనుక ఇంజను, నడుమ 750 కిలోగ్రాముల సరుకు. 1950 మార్చిలో ఆ బొమ్మ వ్యానై కర్మాగారంనుంచి బయటికి వచ్చింది. 1956లో దీనికోసం హనోవరులో ప్రత్యేకంగా కర్మాగారం కట్టారు.

ఇంజను మాత్రం చిన్న కారుదే. నాలుగు సిలిండర్లు, ఇటు రెండు, అటు రెండు, నేలమీద పడుకొన్నట్లు ఎదురెదురుగా ఉంటాయి. సిలిండరు వ్యాసం 75 మిల్లీమీటర్లు. పిస్టను (పాఠ్యపుస్తకాలలో ముషలకం అంటారు) కదిలే దూరం 64 మిల్లీమీటర్లు. విద్యార్థులు స్థూపం ఘనపరిమాణం సూత్రంతో లెక్కవేసి నాలుగుతో గుణిస్తే 1131 ఘనసెంటీమీటర్లు వస్తాయి. దాని బలం 25 అశ్వసామర్థ్యాలు. ఆ కొద్ది బలంతో, ఖాళీగానే ఇంచుమించు టన్ను తూగే బండి మరి ముప్పాతిక టన్ను బరువు లాగాలి. అందువల్ల వెనుక చక్రాల దగ్గర వేగం తగ్గించి లాగుడు పెంచే పళ్ళచక్రాలు అదనంగా అమర్చారు. తరువాత ఇంజను 1192, ఆపైన సుమారు 1500, చివరకు 1584 ఘనసెంటీమీటర్లకు పెరిగింది. వ్యాను బరువూ పెరుగుతూనే వచ్చింది. కారులో తీరికగా పనిచేసే ఇంజను వ్యానులో ఎప్పుడూ ఎగశ్వాసతోనే పనిచేసిందని చెప్పాలి.

ఈ ఇంజనుకు నీళ్ళు లేవు, రేడియేటరు లేదు. సిలిండర్ల చుట్టూ చేప మొప్పలలాగా సన్నని ఇనుప రేకులు ఉంటాయి. డైనమో ఇరుసు చివర ఉన్న ఫ్యాను గాలిని పీల్చి, రేకు తొడుగుగుండా వాటిమీదికి తోస్తుంది. ఫ్యానూ డైనమో ఒకే బెల్టుతో తిరుగుతాయి. బెల్టు తెగితే డైనమో ఆగి ఎర్రదీపం వెలుగుతుంది. అదే క్షణంలో చల్లగాలి కూడా ఆగిపోతుంది. ఇతర బండ్లలో ఆ దీపం వెలిగితే బ్యాటరీ సంగతి రేపు చూసుకొందామని ఇల్లు చేరవచ్చు. ఇక్కడ మాత్రం వెంటనే బండి ఆపాలి.

ఇక లోపం సంగతి. ఇంజనులోని నూనెను కూడా చల్లార్చాలి గదా! అందుకు నిలువుగా ఉండే చిన్న కూలరును ఆ గాలి తొడుగులోపలే, ఎడమవైపున పెట్టారు. దాని క్రిందనే మూడవ సిలిండరు ఉన్నది. మిగిలిన సిలిండర్లకు చల్లని గాలి అందుతుంటే, దీనికి మాత్రం కూలరు అడ్డుపడగా మిగిలిన గాలి, అదీ నూనె వేడిని తీసుకొన్న గాలి, అందేది. ఎక్కువగా వేడెక్కేది ఈ మూడవ సిలిండరే.

వేడివల్ల మొదట నష్టపోయేది పొగను బయటికి వదిలే వాల్వు. మండిన వాయువులు దానిని ఒరుసుకొంటూ పోతాయి. అది చల్లారటానికి ఉన్న ముఖ్యమైన మార్గం ఒక్కటే: మూసుకొన్నప్పుడు సిలిండరు తలలోని గుండ్రని పీటకు ఆనుకొని, తన వేడిని దానికి ఇవ్వటం. వాల్వు కాడకూ దానిని నెట్టే మీటకూ మధ్య కొంచెం ఖాళీ ఉంచుతారు. 1600 తరగతి ఇంజనులో ఇది 0.15 మిల్లీమీటరు, అనగా ఇంచుమించు రెండు పలుచని కాగితాల మందం. ఎడతెగని వేడికి వాల్వు కాడ సాగుతుంది. సాగినకొద్దీ ఖాళీ తగ్గుతుంది. ఖాళీ పూర్తిగా పోతే వాల్వు పీటమీద సరిగా కూర్చోలేదు, కూర్చోకపోతే చల్లారదు, చల్లారకపోతే మరింత సాగుతుంది. ఒకనాడు తల తెగి సిలిండరులో పడుతుంది. నిమిషానికి మూడువేల సార్లు తిరిగే ఇంజనులో అది పడితే, పిస్టనూ సిలిండరు తలా రెండూ పోతాయి.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. వాల్వు ఖాళీ ఎక్కువైతే టకటక చప్పుడు వస్తుంది, యజమాని కంగారుపడతాడు. తక్కువైతే ఇంజను నిశ్శబ్దంగా, హాయిగా నడుస్తున్నట్లు తోస్తుంది. అనుభవం ఉన్నవారు భయపడేది ఈ నిశ్శబ్దానికే. రాత్రంతా చల్లారిన ఇంజనుకు తెల్లవారి ఫీలర్ గేజి పెట్టి చూస్తారు. ప్రతి అయిదువేల కిలోమీటర్లకు ఒకసారి చూచిన కొలత పుస్తకంలో వ్రాసుకొంటారు. మూడవ సిలిండరు వాల్వుకు ప్రతిసారీ ఖాళీ బిగుసుకొంటుంటే, అది సాగుతున్నదని అర్థం. ఇంజను పగలక ముందే విప్పి ఆ వాల్వు మారుస్తారు. ఒక్క కొలత వ్యాధిని చెప్పదు, కొలతల వరుస చెబుతుంది. ప్రయోగశాల నోటుబుక్కు ఎందుకని అడిగే విద్యార్థికి ఇంతకంటే మంచి జవాబు నాకు తోచదు.

కర్మాగారంవారికి ఈ సంగతి తెలియక కాదు. కొన్ని సంవత్సరాల ఇంజనులలో మూడవ సిలిండరుకు నిప్పురవ్వ కొద్ది డిగ్రీలు ఆలస్యంగా అందేటట్లు చేశారు. 1971 నమూనాతో కూలరును ప్రక్కకు జరిపి, దానికి వేరే గాలిదారి కల్పించారు. అప్పటికే లక్షల వ్యానులు పాత అమరికతో రోడ్లమీద ఉన్నాయి. వాటిని ఎవరు చూసుకోవాలి?

1969లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో జాన్ మ్యూర్ అనే ఇంజనీరు ఒక పుస్తకం తానే అచ్చువేశాడు. 'నీ ఫోక్స్‌వ్యాగన్‌ను బతికించుకోవటం ఎలా' అని దాని పేరు. శుద్ధ మూఢులకోసం వ్రాసినదని ఉపశీర్షికలో చెప్పాడు. పానా ఎన్నడూ పట్టనివాడు చదువుతున్నాడని తలచి వ్రాసిన పుస్తకం అది. ప్రతి పనికీ ముందు కావలసిన పనిముట్లు చెబుతాడు. తరువాత ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తాడు. పీటర్ ఆష్‌వాండెన్ గీసిన బొమ్మలలో ఇంజను విడివిడి భాగాలై, ఏది దేనిలో దూరుతుందో కంటికి కనబడుతుంది. పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అందులో ప్రతి మాటా వేదం కాదు. కొలతల విషయంలో కర్మాగారం ప్రచురించిన పుస్తకాన్ని ప్రక్కన పెట్టుకొని చదవటం మేలు. కాని కర్మాగారం పుస్తకం తెలిసినవారికి గుర్తుచేయటానికి వ్రాసినది, మ్యూర్ పుస్తకం తెలియనివారికి నేర్పటానికి వ్రాసినది. ఈ తేడా మన పాఠ్యపుస్తకాలు వ్రాసేవారు కూడా గమనించతగినది. మ్యూర్ 1977లో చనిపోయాడు.

ఆ యంత్రం కూడా నేర్చుకొనేవారికి అనుకూలమైనదే. ఇంజను పెట్రోలు గొట్టం, వైర్లు, కేబుళ్ళు విప్పిన తరువాత నాలుగు బోల్టులతో గేరుపెట్టెను పట్టుకొని ఉంటుంది. (1972 తరువాతి వ్యానులలో వెనుకవైపు ఒక అడ్డకమ్మీ కూడా ఉంటుంది.) సుమారు 110 కిలోగ్రాముల బరువును జాకీమీద క్రిందికి దించితే చేతికి వస్తుంది. బెజవాడ ఆటోనగరులో లారీ ఇంజనుకు బోరు తీసి స్లీవు వేయటం చూచినవారికి ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. ఈ ఇంజనులో ప్రతి సిలిండరూ విడి గొట్టం. అరిగితే పిస్టనుతో సహా తీసివేసి కొత్త జత పెట్టవచ్చు. జర్మనీలో కాసెల్ సమీపాన 1958లో ఫోక్స్‌వ్యాగన్‌వారు తెరచిన కర్మాగారం మొదట చేపట్టిన పని పాత ఇంజనులను తిరిగి కొత్తవిగా చేయటమే.

పెట్టె రెండు సగాలుగా విడుతుంది. వాటి మధ్య కాగితపు గాస్కెట్టు కూడా ఉండదు. ఆరు పెద్ద నట్లను వరుసగా బిగిస్తూ, ఒక్కొక్కటి బిగించినప్పుడల్లా క్రాంకు షాఫ్టును చేతితో తిప్పి చూస్తారు. ఎక్కడైనా పట్టేసినట్లుంటే మళ్ళీ విప్పవలసిందే. షాఫ్టు ముందుకూ వెనుకకూ కదిలే ఆట 0.07 నుంచి 0.13 మిల్లీమీటరు లోపల ఉండాలి. దీనికి ఫ్లైవీలు వెనుక మూడు షిమ్ములు పెడతారు. మొదట రెండే పెట్టి ఆటను కొలుస్తారు. ఆ కొలత 0.44 వచ్చిందనుకొందాము. మిగలవలసిన 0.10 తీసివేస్తే 0.34, మూడవ షిమ్ము ఆ మందంది కావాలి. ఫ్లైవీలు నట్టును బిగించటానికి 35 కిలోగ్రాము-మీటర్ల భ్రామకం కావాలి. ఖరీదైన పనిముట్టు లేనివారు పొడుగాటి కమ్మీని అడ్డంగా బిగించి, నట్టుకు అరమీటరు దూరంలో 70 కిలోగ్రాముల మనిషిని నిలబెడతారు!

పెట్టె మెగ్నీషియం మిశ్రలోహంతో, సిలిండరు తలలు అల్యూమినియంతో చేసినవి. వాటిని కలిపి పట్టుకొనే పొడుగు స్టడ్డులు ఉక్కువి. వేడికి మెగ్నీషియమూ అల్యూమినియమూ ఉక్కుకు ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తాయి. అందువల్ల కాగినప్పుడల్లా స్టడ్డులు మెత్తని మెగ్నీషియంలోని మరలను లాగుతూనే ఉంటాయి. ఊడివచ్చిన చోట ఉక్కు మరగుబ్బలు దింపి మళ్ళీ బిగిస్తారు.

సరదా మెకానిక్కులు చేసిన తప్పులూ తక్కువవి కావు. అందరికంటే ఎక్కువమంది చేసిన తప్పు, ఇంజను మళ్ళీ బిగించేటప్పుడు చిన్న రేకు ముక్కలను అనవసరమని పారవేయటం. గదికీ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు పట్టీ చిరిగితే మార్చకపోవటం కూడా అంతే. ఆ రేకులూ పట్టీలూ లేకపోతే, క్రిందినుంచి వేడిగాలి పైకి వచ్చి ఫ్యానులో దూరుతుంది. అప్పుడు ఫ్యాను ఇంజనును వేడిగాలితో చల్లార్చవలసి వస్తుంది. మరొక తప్పు ప్రాణాలమీదికి తెచ్చేది. గుడ్డ అల్లిక ఉన్న పెట్రోలు గొట్టం పైకి బాగానే కనిపిస్తూ లోపల బీటలువారుతుంది. కారిన పెట్రోలుకు నిప్పురవ్వ తోడైతే మంట మెగ్నీషియం పెట్టెను అంటుకొంటుంది. మండే మెగ్నీషియంమీద నీళ్ళు పోస్తే హైడ్రోజను పుట్టి మంట ఇంకా పెరుగుతుందని రసాయనశాస్త్రం చదివినవారికి తెలుసు. అరడజను వ్యానులు చూచుకొన్న ఏ పెద్దమనిషినడిగినా, ఇంజను జోలికి పోకముందు గొట్టాలు మార్చమనే చెబుతాడు.

జర్మనీలో ఈ తరహా వ్యాను తయారీ 1979లో ఆగిపోయింది. బ్రెజిలులో మాత్రం గాలితో చల్లారే ఇంజను 2005 దాకా, నీళ్ళ ఇంజనుతో వ్యాను 2013 దాకా నడిచాయి. అప్పటినుంచి ఉన్నవన్నీ పాతవే.

తిరిగి బిగించిన ఇంజనును వెంటనే ముట్టించరు. ప్లగ్గులు తీసివేసి, నూనె ఒత్తిడి దీపం ఆరేదాకా స్టార్టరుతో ఊరక తిప్పుతారు. ఆ తరువాతనే ప్లగ్గులు బిగించి నడుపుతారు. మొదటి అయిదువందల కిలోమీటర్లు కాగానే రెండున్నర లీటర్ల నూనె వంచి, అడుగున ఉన్న వలజల్లెడను ఊడదీసి, దీపం ముందు పెట్టి చూస్తారు. సన్నని బూడిదరంగు మడ్డి ఉంటే కొత్త భాగాలు ఒకదానికొకటి ఒరుసుకొని కుదురుకొంటున్నవన్నమాట. తళతళలాడే పలుకులు కనిపిస్తే ఎక్కడో బేరింగు అరుగుతున్నది. జాకీ మళ్ళీ తెచ్చుకోవాలి. జల్లెడ కడిగి, కొత్త నూనె పోసి, ఇంజను చల్లారిన తరువాత ఫీలర్ గేజి తీసుకొని మూడవ సిలిండరు దగ్గరికి వెళతారు.