గాలి లేని బతుకు

నెల్లూరు తీరంలోని మా వూరి తాటితోపులో చిన్నతనాన రెండు రకాల కుండలు చూసేవాణ్ణి. లోపల సున్నం పూసిన కుండలో దిగిన రసం తియ్యగా వుండేది. సున్నం లేని కుండలో అదే రసం కొద్ది గంటలలో నురగలు కక్కి కల్లయ్యేది. ఎందుకని అడిగితే పెద్దలు సున్నం మహిమ అనేవారు. మహిమ మాట అటుంచి, ఆ కుండలో వొక చరిత్ర వున్నదని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు.

పులియడం వట్టి రసాయనిక మార్పేననీ, ప్రాణితో దానికి నిమిత్తం లేదనీ లీబిగ్ వంటి ఉద్దండులు వాదించారు. 1857 నుంచి పాశ్చర్ చేసిన ప్రయోగాలు అది ఈస్టు అనే సూక్ష్మజీవి పని అనీ, గాలి అందనిచోట ఆ జీవి బతికే పద్ధతే అదనీ తేల్చాయి. 1897లో బుక్నర్ ఈస్టును నూరి పిండి, జీవకణాలు లేని ఆ రసంతోనే చక్కెరను పులియబెట్టి చూపాడు. పని చేసేవి ఎంజైములు. వాటిని తయారుచేసేది జీవకణం. వాదులాడిన ఇరుపక్షాల సత్యమూ ఇక్కడ కలిసింది. సున్నం రసానికి క్షారగుణం తెచ్చి ఈస్టును ఎదగనివ్వదు. మహిమ అంతే.

జీవకణం గ్లూకోజును ముక్కలు చేసి శక్తిని రాబట్టుకుంటుంది. ఆ పనిలో విడివడే హైడ్రోజన్‌ను దేనికో వొకదానికి అప్పగించకపోతే పని ఆగిపోతుంది. ప్రాణవాయువు వుంటే అది చివరకు దానికే చేరుతుంది. వొక్కొక్క గ్లూకోజు అణువుకు సుమారు 30 ఏ.టి.పి. అణువులు లభిస్తాయి. ఏ.టి.పి. అంటే కణాలన్నిటా చెల్లే శక్తినాణెం అనుకోండి. ప్రాణవాయువు లేనప్పుడు కణం ఆ ముక్కలకే హైడ్రోజన్‌ను అంటగడుతుంది. ఫలితం ఈస్టులో ఆల్కహాలు, మన కండలో లాక్టికామ్లం. మిగిలేది రెండే ఏ.టి.పి.లు. తక్కిన శక్తిలో అధికభాగం ఆ వ్యర్థంలోనే చిక్కుకుపోతుంది.

ఈ నాణెం కథలో మన తెలుగువాడూ వున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు; 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దాన్ని సాధించాడు. ప్రాణవాయువు చాలినంత అందకముందే కండ కదలగలగడానికి ఈ నిల్వలే ఆధారం.

మా తీరంలో అలివి వల లాగే జాలర్ల కండలు ఈ లెక్క మీదనే కదులుతాయి. వొళ్ళు హూనమైన శ్రమజీవికి సారా బలమిస్తుందని నమ్మించారు. అది అబద్ధం. ఆల్కహాలును దహించేది ముఖ్యంగా కాలేయం, అదీ ప్రాణవాయువుతో. వల లాగే కండకు అది అక్కరకు వచ్చే ఇంధనం కాదు. అయినా చక్కెర మిల్లుల మొలాసిస్‌లో ఈస్టు వదిలిన వ్యర్థం ఖజానాకు పెద్ద ఆదాయమయింది. తెల్లదొరలు 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో బిగించుకున్న ఈ రాబడిని, మద్యనిషేధం నడిచిన యేళ్ళు తప్పిస్తే, మన పాలకులూ విడిచిపెట్టలేదు. 1980లలో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది.

దీన్ని ఎదిరించింది పండితులు కారు. అక్షరదీపం తరగతులలో ఓనమాలు దిద్దుకున్న మెట్టప్రాంతపు దూబగుంట స్త్రీలు. వర్ధినేని రోశమ్మ మొదలైనవారు తమ వూరి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఉద్యమం జిల్లా అంతటా పాకి, నెల్లూరులో సారా వేలంపాటలకు అడ్డం నిలిచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఖజానా లోటు ఆ నిర్ణయం వెనుక వున్నదని అందరికీ తెలుసు.

ఈస్టు ఆల్కహాలును వదిలేది గాలి అందక, గత్యంతరం లేక. ప్రభుత్వాలకు ఆ సాకు లేదు. ఉపాధ్యాయ మిత్రులారా, పులియడం గురించిన సమీకరణాన్ని నల్లబల్ల మీద రాసేటప్పుడు పాశ్చర్, బుక్నర్, సుబ్బారావుల పేర్లతో పాటు దూబగుంట పేరు కూడా రాయండి. అది కూడా ఆ పాఠంలోనిదే.