సుద్దముక్క అందుకున్న కుర్రాడు

1936. అమెరికాలోని ఎంఐటీలో కొత్త విద్యా సంవత్సరం మొదలైంది. సైద్ధాంతిక భౌతికశాస్త్రం క్లాసు. అది సీనియర్లకీ, పీజీ చదివేవాళ్లకీ ఉద్దేశించిన కోర్సు. ఆ గదిలోకి ఇద్దరు సెకండియర్ కుర్రాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒంటి మీద సైనిక శిక్షణ యూనిఫాం. అప్పట్లో కింది తరగతుల వాళ్లకి ఆ శిక్షణ తప్పనిసరి. కాబట్టి వీళ్లు జూనియర్లని చూడగానే తెలిసిపోయింది.

ఒకడు రిచర్డ్ ఫైన్మన్, 18 ఏళ్లవాడు. రెండోవాడు టెడ్ వెల్టన్. ఆ ఏడాది వసంతంలోనే పరిచయం. ఫైన్మన్ వెతుకుతున్న లెక్కల పుస్తకం వెల్టన్ చేతిలో కనబడింది. అక్కణ్నుంచి మాట కలిసింది. పెద్దవాళ్ల మధ్య నెగ్గుకురావాలంటే జట్టు కట్టడమే మేలనుకున్నారు. ఎవరూ చెప్పకుండానే క్వాంటం మెకానిక్స్ చదువుతూ, ఒకే నోటుబుక్కులో ఇద్దరూ వంతులవారీగా సమీకరణాలు రాసుకున్నారు.

పాఠం చెప్పేది జూలియస్ స్ట్రాటన్. ఒక్కోసారి తయారుకాకుండా వచ్చేవాడు. బోర్డు మీద లెక్క సగంలో ఆగిపోయేది. ముఖం ఎర్రబడేది. అయినా తటపటాయించేవాడు కాదు. ఈ లెక్క నువ్వెలా చేశావయ్యా అంటూ సుద్దముక్క ఫైన్మన్ చేతికిచ్చేవాడు. కుర్రాడు బిడియపడుతూనే లేచి వెళ్లి లెక్క తేల్చేవాడు. ఎప్పుడూ తప్పు పోలేదనీ, చాలాసార్లు కొత్త దారి పట్టేవాడనీ వెల్టన్ తర్వాత రోజుల్లో గుర్తుచేసుకున్నాడు.

ఒక్క విషయంలో మాత్రం మొండిపట్టు. దొర్లే చక్రం లెక్కే తీసుకోండి. లాగ్రాంజ్ పద్ధతిలో గతిశక్తిలోంచి స్థితిశక్తిని తీసేసి మొదలుపెడితే చలన సమీకరణాలు వాటంతటవే వస్తాయి. క్లాసంతా అదే దారి. ఫైన్మన్ ఒప్పుకోలేదు. ఏ బలం ఎటు తోస్తోందో ఒక్కొక్కటీ లెక్కగట్టాకే కలం దించేవాడు. దగ్గరి దారిని ఊరికే నమ్మడం అతని వల్ల కాలేదు.

మరుసటి ఏడాది ఫిలిప్ మోర్స్ అనే ప్రొఫెసర్ ఈ ఇద్దరినీ, ఇంకో విద్యార్థినీ వారానికో మధ్యాహ్నం పిలిచి క్వాంటం మెకానిక్స్ చెప్పాడు. 1942లో ప్రిన్స్‌టన్‌లో ఫైన్మన్ డాక్టరేట్ పూర్తిచేశాడు. ఆ సిద్ధాంత వ్యాసానికి పునాది, ఒకప్పుడు తను కాదన్న ఆ లాగ్రాంజ్ పద్ధతే! 1965లో నోబెల్ వచ్చింది. స్ట్రాటన్ 1959లో ఎంఐటీ అధ్యక్షుడయ్యాడు.

ఫైన్మన్ మేధ అందరికీ తెలిసిందే. మనం చెప్పుకోవాల్సింది ఆ గది గురించి. సమవయస్కుడైన తోడు దొరికాడు. మొండితనాన్ని భరించే చోటు దొరికింది. తన అవస్థ దాచుకోకుండా జూనియర్ని పిలిచి అడిగే మాస్టారు దొరికాడు. పై క్లాసులో కూర్చుంటానని అడిగే పిల్లలు మన కాలేజీల్లోనూ ఉన్నారు. ముందు సిలబస్ పూర్తిచెయ్యమని వెనక్కి పంపకండి. కూర్చోనివ్వండి, లెక్క అడగండి, వాళ్ల దారిలో చేసుకోనివ్వండి.