కంటిలో బయటపడిన చెవి వ్యాధి

పంతొమ్మిదో శతాబ్దం మధ్యభాగం వరకు యూరపు వైద్యుల దృష్టిలో తల తిరుగుడుకు చెవితో సంబంధం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఉన్నట్టుండి పరిసరాలన్నీ గిర్రున తిరుగుతున్నట్టు తోచి, వాంతులతో కూలబడితే, మెదడుకు రక్తం పోటెత్తిందనీ, అది మూర్ఛకో పక్షవాతానికో తొలి సూచన అనీ భావించి, జలగలు పట్టించడం, నరం కోసి రక్తం తీయడం, విరేచనాలకు మందివ్వడం చేసేవారు. వాంతులతో అప్పటికే నీరసించిన రోగికి ఇవన్నీ అదనపు బాధలే అయినా, కొన్ని రోజులకు అతడు లేచి తిరగగలిగేవాడు కాబట్టి ఆ మేలు చికిత్స ఖాతాలోనే పడేది. తనంతట తాను చాలావరకు నెమ్మదించే జబ్బుకు ఏ మందు పనిచేసిందో తేల్చడం ఎంత కష్టమో ఈ వ్యాధి చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

ఇలా హఠాత్తుగా మొదలై రోజుల తరబడి సాగే తల తిరుగుడుకు ముఖ్య కారణాల్లో ఒకదాన్ని ఇప్పుడు వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అంటున్నారు. లోపలి చెవి నుంచి తల కదలికల సమాచారాన్ని మెదడుకు చేరవేసే నాడికి వాపు రావడం దాని అర్థం. లోపలి చెవిలో వినికిడికి పనికివచ్చే కర్ణావర్తాన్ని ఆనుకుని మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే మూడు వేర్వేరు తలాల్లో అమరిన సన్నని వంపు గొట్టాలు ఉంటాయి. తల తిరిగినప్పుడు వాటిలోని అంతరలసిక అనే ద్రవం కాస్త వెనకబడి, అక్కడి రోమకణాలను వంచడంతో సంకేతం పుడుతుంది. తల కదలకుండా ఉన్నప్పుడు రెండు చెవుల నుంచీ సంకేతాలు సరిసమానంగా వస్తుంటాయి కాబట్టి, ఒక వైపు నాడి మూగబోతే, తల రెండో వైపుకు ఆగకుండా తిరుగుతోందని మెదడు పొరపడుతుంది. ఆ పొరపాటు ఫలితంగా కనుగుడ్లు దెబ్బతిన్న చెవి వైపుకు మెల్లగా జారుతూ, బాగున్న చెవి వైపుకు చటుక్కున ఎగురుతూ ఉంటాయి. కంటి ఈ కొట్టుకులాటనే నిస్టాగ్మస్ అంటారు. వినికిడి మాత్రం చెక్కుచెదరదు, బహుశా అందుకే చెవిని ఎవరూ అంతకాలం అనుమానించలేదు.

అనుమానించడానికి ఆధారం 1820లలోనే పారిస్‌లో దొరికింది. పియెర్ ఫ్లూరాన్స్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త పావురాల చెవుల్లోని ఈ కుల్యలను ఒక్కొక్కటిగా కోసినప్పుడు, ఏ కుల్యను కోస్తే పక్షి తల ఆ కుల్య అమరిన తలంలోనే అదుపు తప్పి ఊగింది, వినికిడి మాత్రం పోలేదు. అయినా ఆ కుల్యలు సమతాస్థితికి సంబంధించిన జ్ఞానేంద్రియమని ఆయన తేల్చలేదు, రోగుల దగ్గరికి ఆ ఫలితాన్ని తీసుకువెళ్లిన వారూ లేరు. ఆ పని చేసినవాడు పారిస్‌లోని బధిరుల విద్యాసంస్థకు వైద్యుడైన ప్రోస్పర్ మెనియేర్. చెవిలో హోరు, వినికిడి లోపం, తల తిరుగుడు కలిసి వచ్చే రోగులను ఏళ్ల తరబడి చూసిన ఆయన, ఆ బాధకు మూలం మెదడులో కాక లోపలి చెవిలో ఉందని 1861 జనవరి 8న వైద్య అకాడమీ ముందు వాదించాడు. శ్రోతల్లో పెద్దగా కదలిక రాలేదు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. ఆయన పేరుతో నిలిచిన వ్యాధి వేరు, న్యూరైటిస్ వేరు. కాని తల తిరుగుడును మెదడు నుంచి విడదీసి చెవికి అప్పగించిన తొలి వైద్యుడిగా ఈ చరిత్రలోనూ ఆయనకు చోటుంది. కుల్యల్లోని ద్రవం కదలడమే భ్రమణ జ్ఞానానికి మూలమని 1873–74లో ఎర్నెస్ట్ మాఖ్, జోసెఫ్ బ్రాయర్, అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్ ఎవరికి వారుగా ప్రతిపాదించడంతో ఆ మలుపుకు సిద్ధాంత బలం చేకూరింది.

సిద్ధాంతం రోగి మంచం దాకా చేరడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది, అదీ చెవులు కడిగే మామూలు పనిలోంచి. వియన్నాలో ఆడమ్ పొలిట్జర్ చెవి వైద్యశాలలో పనిచేస్తున్న రాబర్ట్ బారానీ, రోగుల చెవుల్లోకి పిచికారీతో నీళ్లు కొట్టినప్పుడు వాళ్ల కళ్లు కొట్టుకోవడం గమనిస్తూ ఉండేవాడు. ఒక రోగి, నీళ్లు చల్లగా ఉంటేనే తనకు తల తిరుగుతుందనీ, ఇంట్లో వెచ్చని నీళ్లతో కడుక్కుంటే ఏమీ కాదనీ చెప్పాడు. వేడినీళ్లు తెప్పించి కొడితే అవి మరీ వేడిగా ఉండి మళ్లీ తల తిరిగింది, కాని ఈసారి కళ్లు ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. స్నానాల గదిలోని బాయిలర్‌లో వేడెక్కిన నీరు పైకి, చల్లని నీరు కిందికి చేరినట్టే కుల్యలోని ద్రవం కూడా ఉష్ణోగ్రతను బట్టి కదులుతోందని బారానీ గ్రహించాడు. 1906లో వెలువరించిన ఈ కెలోరిక్ పరీక్ష, అంటే వేడి, చల్లని నీళ్లతో ఒక్కో చెవినీ విడిగా పరీక్షించే పద్ధతి, ఏ వైపు నాడి మూగబోయిందో చెప్పగల తొలి సాధనం అయింది. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ప్రకటించిన సమయానికి ఆయన రష్యా చెరలో యుద్ధఖైదీ. స్వీడన్ యువరాజు కార్ల్ కలగజేసుకోవడంతో 1916లో విడుదలై బహుమతి అందుకున్నాడు.

పరీక్ష చేతికి వచ్చాక జబ్బుకు రూపం ఏర్పడింది. వినికిడి నిక్షేపంగా ఉండి సమతా వ్యవస్థ ఒక వైపు మాత్రమే దెబ్బతిన్న రోగులను ఎరిక్ రుటిన్ 1909లో వర్ణించాడు. చెవి శస్త్రచికిత్సలో మైక్రోస్కోపు వాడకానికి ఆద్యుడైన స్వీడిష్ వైద్యుడు కార్ల్ ఓలోఫ్ నీలెన్ 1924లో దానికి వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అన్న పేరు వాడాడు. లండన్‌లో చార్లెస్ హాల్‌పైక్, 1942లో ఫిట్జ్‌గెరాల్డ్‌తో కలిసి, శరీర ఉష్ణోగ్రతకు ఏడేసి డిగ్రీలు అటూ ఇటూగా 30, 44 డిగ్రీల సెల్సియస్ నీళ్లతో కెలోరిక్ పరీక్షను ప్రామాణీకరించి, 1952లో మార్గరెట్ డిక్స్‌తో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ జబ్బును మెనియేర్ వ్యాధి నుంచి స్పష్టంగా వేరుచేశాడు. నాడిలో గాని, మెదడు కాండంలోని నాడీకణాల్లో గాని దెబ్బ తగిలి ఉండవచ్చన్న ఉద్దేశంతో వాళ్లు పేరును న్యూరోనైటిస్‌గా మార్చారు. 1981లో హెరాల్డ్ షుక్‌నెక్ట్, కితమురా కలిసి, మరణించిన రోగుల కణత ఎముకలను పరిశీలించి, నాడే క్షీణించిందనీ, ఆ క్షీణత సర్పిలో కనిపించేదాన్ని పోలి ఉందనీ చూపడంతో పాత పేరే మళ్లీ నిలబడింది. పెదవులపై పొక్కులు తెప్పించే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఈ నాడి ముడిలో నిద్రాణంగా ఉంటుందని ఆ తర్వాత తెలిసింది, కాని అదే నిద్రలేచి ఈ వాపుకు కారణమవుతోందన్నది బలమైన అనుమానమే తప్ప తిరుగులేని రుజువు కాదు.

చికిత్స విషయంలో నిజమైన మార్పు మందుల వైపు నుంచి కాక వ్యాయామం వైపు నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో తలకు దెబ్బ తగిలిన వారిని, చెవి శస్త్రచికిత్స జరిగిన వారిని చూస్తున్న శస్త్రవైద్యుడు టెరెన్స్ కాథోర్న్, మంచం పట్టి పడుకున్న వారికంటే త్వరగా లేచి తిరిగినవారే ముందుగా కోలుకుంటున్నారని గమనించి, వైద్యుడు కుక్సీతో కలిసి ఒక వ్యాయామ క్రమాన్ని రూపొందించాడు. రోగి మొదట పడుకునే కళ్లను పైకీ కిందికీ, పక్కలకూ తిప్పుతాడు. తర్వాత తలను మెల్లగా, ఆపై వేగంగా, చివరకు కళ్లు మూసుకుని తిప్పుతాడు. కూర్చుని నేల మీది వస్తువును వంగి తీస్తాడు. నిలబడి చిన్న బంతిని కళ్లకు పైగా ఒక చేతిలోంచి మరో చేతిలోకి విసురుకుంటాడు. మెట్లెక్కి దిగుతాడు, జట్టుగా బంతాటలు ఆడతాడు. తల తిరుగుడు తెప్పించే కదలికలనే కావాలని చేయించడం అప్పటికి విడ్డూరంగా తోచినా, అందులోని తర్కం తిరుగులేనిది: చెడిన నాడి బాగుపడినా పడకపోయినా, రెండు వైపుల సంకేతాల్లోని తేడాకు మెదడు అలవాటు పడగలదు, కాని ఆ తేడా ఎదురైతేనే అలవాటు పడుతుంది.

నిర్ధారణ మళ్లీ కంటి వైపే మళ్లింది. సిడ్నీలో మైకేల్ హాల్మజీ, ఇయాన్ కర్తాయిస్ 1988లో వివరించిన పరీక్షకు నీళ్లు కూడా అక్కర్లేదు: రోగి వైద్యుడి ముక్కు మీద చూపు నిలిపి ఉండగా, వైద్యుడు అతని తలను రెండు చేతులతో పట్టుకుని కొద్దిపాటి దూరం చటుక్కున తిప్పుతాడు, ఆ వైపు నాడి పనిచేయకపోతే కళ్లు తలతోపాటు జారిపోయి, క్షణంలో ఎగిరి తిరిగి ముక్కును పట్టుకుంటాయి. అమెరికాలో జార్జ్ కట్టా, డేవిడ్ న్యూమన్-టోకర్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం దీనికి మరో రెండు కంటి పరీక్షలు జోడించి, ఆగకుండా తల తిరుగుతున్న రోగిలో పక్షవాతాన్ని పసిగట్టడంలో తొలి గంటల ఎంఆర్ఐ కన్నా ఇవే నమ్మదగినవని చూపింది. ఇక్కడ తర్కం తలకిందులైనట్టు ఉంటుంది: కన్ను జారితే లోపం చెవి నాడిదని కాస్త ఊరట, జారకపోతే మెదడుకు రక్తం ఆగిందేమోనని ఆందోళన. తల తిరిగితే రక్తపోటునో, మెడ ఎముకల అరుగుదలనో అనుమానించడం ఇప్పటికీ అలవాటైన తెలుగునాట ఈ పరీక్షకు రావలసినంత ప్రచారం రాలేదు.

మందుల సంగతి అంత తేలికగా తెమలలేదు. మ్యూనిక్‌కు చెందిన మైకేల్ స్ట్రుప్ బృందం 141 మంది రోగులపై జరిపి 2004లో ప్రచురించిన పరీక్షలో, జబ్బు మొదలైన మూడు రోజుల్లోపే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ అందిన జట్టులో ఏడాదికి నాడి పనితీరు సగటున 62 శాతం మెరుగుపడింది. వైరస్ మందు ఒక్కటే తీసుకున్న జట్టుకు ఏ లాభమూ రాలేదు. ఉత్తుత్తి మాత్రలు మింగిన జట్టు కూడా 40 శాతం దాకా పుంజుకుంది. కెలోరిక్ పరీక్షలో కనిపించే మెరుగు రోగి అనుభవంలోనూ అంతే స్పష్టంగా కనిపిస్తుందా అన్నది తేలకపోవడంతో, 2011లో కోక్రేన్ సమీక్ష అందరికీ స్టెరాయిడ్లు సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవంది. వాంతిని, తిప్పును అణచే మాత్రల విషయంలో మాత్రం నిపుణుల మధ్య పెద్దగా భేదం లేదు: మెదడు ఏ తేడాకు అలవాటు పడాలో ఆ తేడానే అవి మరుగుపరుస్తాయి కాబట్టి వాటిని తొలి రెండు మూడు రోజులకే పరిమితం చేసి, రోగిని వీలైనంత త్వరగా నడిపించాలంటారు. ఆ మాత్రలు నెలల తరబడి సాగే మందుల చీటీలు మాత్రం మన ఊళ్లలో ఇప్పటికీ అరుదు కాదు.